చేటలో పేర్లు

తొమ్మిది కొట్టకముందే
చాప దులిపి పరుస్త.
నడుమ ఒక చేట పెడత.
అండ్ల బియ్యం లేవు, పదకొండు పేర్లున్నయి.
చెప్పుల డబ్బాలు కత్తిరించి
లావు మార్కర్‌తోని నేనే రాసిన.

లోపలికొచ్చిన పిల్ల ముందుగాల
సంచి మూలకు పెట్టాలె,
చేతులు తుడుచుకోవాలె,
రాళ్లేరినట్టు తన పేరు ఏరుకొని
సుతిలికి క్లిప్పు పెట్టాలె.
హాజరు అదే. రిజిస్టరు తర్వాతి ముచ్చట.

మొదటి వారమంత గత్తర.
హర్షిత్ పేరు అఖిర కట్టుకున్నది.
చింటుగాడైతే,
బడిల వాని పేరు తనుష్ అని వానికే తెల్వదు,
"ఇది నాది కాదు టీచర్, నేను చింటును" అని
చాప మీద పొర్లి పొర్లి ఏడ్చిండు.
అట్ట ఎనుక చింటు అని రాసిచ్చిన.
ఇప్పటికీ ఎనుకదిక్కే కనవడేటట్టు కడతడు.

దేవరకొండల కొనుక్కొచ్చిన చార్టు మీద
అ అంటే అమ్మ.
పట్టుచీర, చేతిల పాల గ్లాసు.
"ఎవరు?" అని అడిగిన.
అఖిర చానసేపు చూసి
"మీ యాడినా టీచర్?" అన్నది.

ఆ మాపటికి చందంపేట బస్సుల
కిటికీకి ఆనుకొని లెక్కవెట్టిన.
అమ్మ మొదటి అక్షరం కాడనే ఉన్నది.
యాడి దాక పోవాలంటే
అచ్చులన్నీ ఒడవాలె,
హల్లులల్ల ఇరవై అయిదు దాటాలె.
అప్పటికి గుట్టకింది చేన్లల్ల
పత్తి ఏరుడు సుత అయిపోతది.
అన్ని దినాలు తల్లిని ఆపుకొని
పిల్లలెట్ల కూసుంటరు చాప మీద?

తెల్లారి చార్టు చుట్టి బీరువాల పెట్టిన.
బోర్డు మీద య రాసి
దీర్ఘమిచ్చిన. పక్కన డి.
ఇంట్ల మాట గోడ మీదికెక్కంగ చూసి
పిల్లలు ఒక్కపారి సప్పుడు బందువెట్టిండ్రు.
వంట చేసే ద్వాలమ్మ గంటె పట్టుకొనే
తలుపు కాడ నిలవడ్డది.
"ఏం రాసినవ్?" "యాడి అని రాసిన."
దగ్గరికొచ్చి, చెయ్యి కడుక్కోలేదని
వేలు గాలిల్నే తిప్పుకుంట అన్నది:
"గింతేనా? రెండేనా?"

కాంప్లెక్సు మీటింగుల పెద్దసారు
"య తోని మొదలువెట్టినవా? ఏ పుస్తకంల ఉన్నది?" అన్నడు.
డైరీల ఏదో రాసుకుంటున్నట్టు తల వంచిన.
రాసింది బస్సు టైము.

పేర్లయినంక కత.
ఒక్క కత అయిదు దినాలు.
సోమవారం నేను చదువుత,
బుధవారం పేజీ ఎప్పుడు తిప్పాల్నో వాళ్లే చెప్తరు,
శుక్రవారం నేనొక మాట మింగితే
"దొంగ టీచర్" అని లేస్తరు.
ఆ మాట కోసమే మింగుత.

కార్తీకంల కృతిక రాలేదు.
అమ్మనాయినల ఎంబడి పట్నం పోయిందట,
కొత్త బిల్డింగు కట్టే కాడికి.
చేటల ఒక్క అట్ట మిగులుడు మొదలైంది.
నాలుగు దినాలు చూసి
తీసి బీరువాల పెడదామని వంగిన.
అఖిర నాకంటే ముందు అందుకున్నది.
తన పేరు పక్కనే కట్టింది.
"అది ఎవరిదో నీకెట్ల ఎరుక?"
"క కింద తోక ఉన్నది గద."
మెల్లగ, వేలు పెట్టుకుంట,
"కృ... తి... క."

తన పేరు ఆనవాలుతోనే ఏరుతది అఖిర,
ఇప్పటిదాక చదవలేదు.
మొదలు చదివింది ఇంకొకరిది.
బడిల లేనిది.

రిజిస్టరుల పది అని రాసిన.
సుతిలి మీద పదకొండు ఊగుతున్నయి.
చింటుగాడు లేచొచ్చి
తన అట్ట ముందుకు తిప్పిండు,
ఒక్క నిమిషం జూసిండు,
మళ్ల ఎనుకకే తిప్పి
పోయి కూసున్నడు.